ఇన్‌స్పెక్టరు గారు తిన్న లడ్డూ

డిగ్రీ కొత్తగా చేతికొచ్చిన ఆ రోజుల్లో లోకంలో తప్పన్నది ఎక్కడున్నా నేనే పట్టుకోవాలనుకునేదాన్ని. తొంభైల చివర, రాజమండ్రిలో ఓ ప్రైవేటు స్కూల్లో సైన్సు టీచరుగా చేరాను. (నా నోటికి ఆ ఉద్యోగం ఆర్నెల్లు నిలిస్తే గొప్పని మా నాన్న అభిప్రాయం.) పర్మినెంటు చేసేదీ లేనిదీ సైన్సు ఎగ్జిబిషను చూశాక చెబుతానన్నారు కరస్పాండెంటు గారు.

ముఖ్య అతిథి ఫుడ్ ఇన్‌స్పెక్టరు గారు. తిండిలో బట్టల రంగులు కలపడం నేరమనీ, పిల్లలు తినేవాటిలో కలిపినవాణ్ణి జైల్లో పెట్టించేదాకా నిద్రపోననీ మైకు పగిలేలా చెప్పారు. నేను ఒళ్లు మరిచి చప్పట్లు కొట్టాను. ఆ ఊపులోనే, పిల్లలకు పంచడానికి కరస్పాండెంటు గారి భార్య ఇంట్లో చేశానంటూ తెచ్చిన బుట్టలోంచి ఓ లడ్డూ తీసి, గాజు గొట్టంలో నీళ్లు పోసి చిదిపి, స్టేజీ మీదే యాసిడ్ చుక్కలు వేశాను. ఇంట్లో చేసినదాంట్లో రంగుండదని చూపిద్దామని! గొట్టంలో నీళ్లు నిగనిగలాడే గులాబీ రంగుకి తిరిగాయి. బట్టల రంగుంటేనే అలా తిరుగుతాయి.

"పసుపేనమ్మా, యాసిడ్ పోస్తే ఎర్రబడదూ?" అన్నారావిడ నవ్వుతూనే.

బుద్ధున్నవాళ్లయితే అక్కడితో ఊరుకుంటారు. "పసుపైతే నీళ్లు పొయ్యగానే ఆ ఎరుపు పోతుందండీ," అని నీళ్లు పోశాను. పోలేదు.

"ఏ కొట్లో కొన్నారు మేడమ్?" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు, జేబులోంచి పెన్ను తీస్తూ.

అప్పుడు మారింది ఆవిడ మొహం. "కొనడమేంటండి! నా చేత్తో చుట్టాను. ఆ రంగు కూడా నేనే వేశాను!"

(ఆ లడ్డూలు ఏ కొట్లోవో మా స్టాఫ్ రూములో నాకు తప్ప అందరికీ తెలుసట. విషం కలిపానంటారు గానీ కొన్నానని మాత్రం అనరు!)

"ఇంట్లో చేసినవా? అమ్మకానికి కాదు గదండి, ఇంక చట్టం దేనికి?" అని పెన్ను జేబులో పెట్టేసుకున్నారాయన.

"మరి ఒక్కటైనా తినకుండా వెళతారేంటండి?" అని ఆవిడ ప్లేటు చాచారు.

మా వైపు మర్యాద తెలిసిందే కదా. తిన్నారు! "అద్భుతమండి" అని రెండోది అడిగి మరీ తిన్నారు! గొట్టం పట్టుకుని, తెరిచిన నోరు ముయ్యడం మరిచిపోయాను.

మూత పడకపోవడం ఒకందుకు మంచిదే అయింది. "పిల్లలకు మాత్రం పంచనివ్వనండీ!" అని అరిచి, బుట్ట ఒళ్లో పెట్టుకుని స్టేజీ మీదే చతికిలబడ్డాను. పిల్లలకు ఆ పూట అరటిపళ్లు పంచారు.

నన్ను పర్మినెంటు చేశారు కూడా. మోరల్ సైన్సు టీచరుగా. పెద్దలకు ఎదురు చెప్పకూడదన్న పాఠం చదివిన ప్రతిసారీ క్లాసంతా కిసుక్కుమనేది. కోప్పడదామని తలెత్తి, పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుని నేనూ నవ్వేదాన్ని.