ఐదో తరగతికి బదులు నేత తరగతి

ఆ కమిటీ వాళ్లలో ఒక్కరైనా ఇంకా బతికి ఉన్నారో లేదో నాకు తెలియదు. ఉంటే మాత్రం ఈ సంగతి వాళ్ల చెవిన పడాలి. అందుకే చెబుతున్నాను.

మేము గద్వాలలో నేతవాళ్లం. అవి యుద్ధం రోజులు. మా ఆడపిల్లల బడి నాలుగో తరగతితో ఆగిపోయేది. నాలుగు అయిన పిల్ల ఇంటికొచ్చి మగ్గం దగ్గర కూర్చోవాల్సిందే. నాకేమో చదువు పిచ్చి. ఐదో తరగతి ఒక్కటి పెట్టించండని మా పంతులమ్మ కనబడ్డ ప్రతి అధికారినీ అడిగింది. అడగ్గా అడగ్గా పట్నం నుంచి ఒక కమిటీ వస్తోందన్నారు. ఏ ఊరికి ఏ చదువు ముందు ఇవ్వాలి, ఏ పనికి మనుషుల్ని తయారుచేయాలి అని తేల్చడానికి చట్టసభ పెద్దలు వేసిన కమిటీ అట. వాళ్లు వస్తున్నారని తెలిసినప్పటి నుంచీ నా కాలు నేల మీద నిలవలేదు.

బడి వసారాలో కుర్చీలు వేశారు. ఊరి పెద్దలు, మగ్గాలున్నవాళ్లు ముందు వరసలో కూర్చున్నారు. పంతులమ్మను గోడ వారన నిలబెట్టారు. ఎవరి చదువు కోసం ఇంత తతంగమో ఆ పిల్లలం కిటికీ బయట, ఎండలో. వనపర్తి చూసి వచ్చామనీ, ఇంకా నాగర్‌కర్నూలు పోవాలనీ, పొద్దు లేదనీ అధ్యక్షుడు ముందే చెప్పేశాడు. లావుపాటి మనిషి, మెత్తటి గొంతు.

"మీ ఊరికి ఒక్కటే ఇయ్యగలం. పై తరగతి కావాల్నా, నేత తరగతి కావాల్నా? సోచాయించి చెప్పుండ్రి."

నాకు నవ్వాగలేదు. ఉయ్యాలలోనే మగ్గం చప్పుడు విన్న పిల్లలకు నేత నేర్పుతారట! ఎవరు ఒప్పుకుంటారు?

మా నాయన లేచాడు.

"ఆడివిల్లలు ఐదో తరగతి సదివి ఏం జేస్తరు సాబ్? నేత తరగతే ఇయ్యుండ్రి. ముందుగాల నా బిడ్డనే పంపిస్త."

నేత తరగతి వస్తే దాంతోపాటు ఇళ్లకు సర్కారు నూలు కూడా వస్తుందని ఊళ్లో ఒక పుకారు. నూలు దొరక్క మా మగ్గం ఎన్నోసార్లు ఖాళీగా పడి ఉండేది. నాయన ఎందుకు అన్నాడో నాకు ఆనాడే తెలుసు. తెలిసీ క్షమించలేదు. పంతులమ్మ ఏదో చెప్పబోయింది. "తండ్రినే అడిగినం గద అమ్మా," అని అధ్యక్షుడు చెయ్యి ఎత్తి ఆపేశాడు. వాళ్ల ముందు పెట్టిన చాయ్ చల్లారకముందే నా చదువు తేలిపోయింది.

పట్నం నుంచి నూలు వచ్చింది, కొంచెం పట్టు కూడా వచ్చింది. అదంతా బడి గదిలో తాళం వేసి పెట్టారు. ఇళ్లకు ఒక్క నూలు చిలప కూడా రాలేదు. నాయన మొహం చూసి నా కడుపు చల్లబడింది. బాగా అయింది, అనుకున్నాను.

నేర్పడానికి వచ్చిన మాస్టరుకు మామూలు గుడ్డ నేయడమే తెలుసు. మా చీర అలాంటిది కాదు. ఒళ్లు నూలు, అంచు పట్టు. రెండూ కలిసేచోట ప్రతి వరసలోనూ ఆ పోగును ఈ పోగుతో మెలేయాలి. ఒక్కరి చేతులు చాలవు, ఇద్దరు చెరోవైపు కూర్చుని, పోగును అటూ ఇటూ లాక్కుపోయే నాడెలు అందించుకోవాలి. మా ఇంట్లో నాయన పక్కన ఆ రెండో మనిషిని నేనే.

మరుసటి ఏడు కమిటీ మళ్లీ వస్తోందన్నారు, తరగతి ఎలా నడుస్తోందో చూడ్డానికి. వాళ్లకు చూపించడానికి పట్టంచు చీర నేయమని మాస్టరు నన్నూ, అత్తరు అమ్మే సాయిబు గారి బిడ్డనూ మగ్గం మీద కూర్చోబెట్టాడు. ఆ పిల్లకు పని నేర్పిందీ నేనే. నేను పోగులు మెలేయకుండా వదిలేస్తుంటే అది హడలిపోయింది.

"గట్ల ఇడిస్తే అంచు ఊడిపోతది గదనే!"

"పోనీ."

"కొడ్తరే!"

"కొట్టనీ. నీకు ఐదో తరగతి వద్దా?"

అది నాడె అందుకుని నా వైపు విసిరింది. అక్కడక్కడ మాత్రం ఒక్కో మెలిక పట్టించాను. చేతిలోకి తీసుకునేదాకా ఆగాలి కదా! మాస్టరు పైపైన చూసి భేష్ అన్నాడు.

ఆ రోజు ఊరంతా వచ్చింది. అధ్యక్షుడు వాహ్వా అంటూ చీర అందుకుని, అందరికీ చూపిద్దామని రెండు చేతులా పైకెత్తి ఒక్కసారి విదిలించాడు. పట్టంచు బరబర ఊడి ఆయన బూట్ల మీద పడింది. చేతుల్లో బోడి నూలుగుడ్డ మిగిలింది. వెనకనుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. అబ్బ, ఆ మొహం! ఈనాటికీ తలుచుకుంటే నాకు అన్నం ఒక ముద్ద ఎక్కువ పోతుంది.

"ఎవరి బిడ్డ ఇది?" మాస్టరు నన్ను ముందుకు తోయగానే అధ్యక్షుడు అడిగాడు.

నాయన ముందుకొచ్చాడు. వంగి అంచు తీసి, ఊడినచోట వేలితో తడిమాడు. కావాలని చేశానని ఆయనకు తెలిసిపోయింది. నిజం చెబితే సర్కారు పట్టు పాడుచేసినందుకు నన్నేం చేస్తారో.

"నా బిడ్డే సాబ్. దీనికి నేత రాదు. నేను నేర్పలే."

గద్వాల నేతగాడు నలుగురిలో అనాల్సిన మాట కాదది. నేను తల వంచుకున్నాను కానీ లోపల పండగే. ఈ తరగతి దండగని ఇప్పుడు తెలిసొచ్చింది కదా, ఇక ఐదో తరగతి ఇవ్వక చస్తారా అనుకున్నాను.

అధ్యక్షుడు బూటు దులుపుకొని పక్కవాళ్ల వైపు తిరిగాడు.

"చూసిండ్రా? నేతోళ్ల పిల్లలకే నేత వస్తలేదు. ఈ ఊర్ల ఇంక రెండేండ్లు నేత తరగతే ముందు. పై తరగతి సంగతి తర్వాత."

మిగతావాళ్లంతా తలలూపారు.

మర్నాడు పొద్దున్నే నాయన మగ్గం ఎక్కి నన్ను పిలిచాడు. నేను కదలలేదు.

"నాకు నేత రాదు గద నాయనా. కమిటోళ్ల ముందర నువ్వే ఒప్పుకుంటివి. నేర్సుకోనీకి ఇంక రెండేండ్లు పడ్తదట."

అమ్మ చీపురు తీసుకుని వచ్చింది. నాయన వద్దని చెయ్యి అడ్డం పెట్టాడు. మగ్గం మీద సగం నేసిన చీర ఉంది. ఒక్కడే అటు నాడె విసిరి, లేచి వచ్చి, ఇటు నాడె అందుకుంటున్నాడు. నేను గడపలో కూర్చుని నాలుగో తరగతి పుస్తకం మొదటి పాఠం నుంచి గట్టిగా చదవడం మొదలుపెట్టాను. అన్నీ నోటికొచ్చిన పాఠాలే. ఐదోది లేదు మరి.

"జర మెల్లగ సదువు బిడ్డా," అన్నాడు నాయన.

ఇంకా గట్టిగా చదివాను.