అడక్కుండా ఎక్కిన టాక్సీ

ఆ పరాయిదేశపు ఊళ్ళో మనవాళ్ళెవరికి టాక్సీ కావాలన్నా ముందు పిన్నికి ఫోను వెళ్ళేది. కొత్తగా దిగినవాళ్ళు, పెట్టెలు మోసుకుంటూ ఇల్లు మారేవాళ్ళు, పంటినొప్పితో దవడ పట్టుకుని డాక్టరు దగ్గరికి పరుగెత్తేవాళ్ళు, అందరికీ ఆవిడే దిక్కు. రెండు ముక్కలు విని "ఫోను డ్రైవరుకియ్యి" అనేది. అంతే, అవతల డ్రైవరు మొహం మాడిపోయేది. నిజానికి ఆవిడ ఎవరికీ సొంత పిన్ని కాదు. మొదట ఎవరు మొదలుపెట్టారో గానీ, ఆవిడకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా పిన్నీ అనే పిలిచేవారు, కట్టుకున్న మొగుడొక్కడు తప్ప.

పెళ్ళిబట్టల దుకాణం వెనకగదిలో ఆవిడ ఉద్యోగం. వదులైనవి బిగించడం, బిగుతైనవి వదలడం, నేలమీద దేకే అంచుల్ని పైకి మడవడం. పొద్దస్తమానం మెడలో టేపు, పెదాల మధ్య గుండుసూదులు. అందుకే పనిలో ఉన్నంతసేపూ మాట్లాడదని, ఆ అప్పంతా సాయంత్రం టాక్సీవాళ్ళ మీద తీర్చుకుంటుందని మొగుడు అనేవాడు. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. నోట్లో నాలుక లేని మనిషి, అడిగినంతా ఇచ్చి దిగిపోయే రకం. ఆయన్ని ఒంటరిగా టాక్సీ ఎక్కనివ్వడమంటే పిన్నికి పాలగిన్నె పిల్లికి అప్పజెప్పినట్టే.

ఆ ఊరి టాక్సీలకు మీటరుండేది కాదు. మనవాళ్ళ లెక్కలో, అద్దం దించమని రేటు మాట్లాడుకోవాలి, కుదిరితే తలుపు తియ్యాలి. ఒకసారి సీట్లో కూర్చున్నాక ఇక బేరం లేదు, డ్రైవరెంతంటే అంత. వచ్చిన కొత్తలో బేరం తెలియక పిన్ని ఎంతని అడిగి, చెప్పినంతా ఇచ్చుకుంటూ పోయింది. ఒకరోజు దుకాణంలో ఇస్త్రీ చేసే ఆవిడతో మాటల్లో పడితే, అదే వీధి నుంచి అదే దుకాణానికి ఆవిడ సగమే ఇస్తోందని తేలింది. ఆ రాత్రి పిన్నికి అన్నం సయించలేదు. పోయిన డబ్బుకు కాదు. "నా మొహం మీద ఏవన్నా రాసుందా? నేనూ ఇక్కడే ఉంటున్నాను, ఇక్కడే అద్దె కడుతున్నాను, ఇక్కడి నీళ్ళే తాగుతున్నాను. నాకో రేటు, ఆవిడకో రేటూనా?" అని మొగుణ్ణి నిలదీసింది, రేట్లు ఆయనే పెట్టినట్టు.

అప్పట్నుంచి పంతం పట్టింది. ఆ దేశపు భాషలో ఆవిడకు ముందు వచ్చినవి అంకెలు, తరవాత వచ్చినవి "అబ్బో", "మరీ విడ్డూరం", "నీకూ పిల్లలున్నారా లేదా" లాంటివి. నమస్కారం చెప్పడం ఇంకో ఏడాదికి గానీ రాలేదు. బేరంలో ఆవిడ అసలు అస్త్రం నోరు కాదు, నడక. డ్రైవరు ఒక మాట చెప్పగానే అందులో సగం చెప్పి, వాడు తల అడ్డంగా ఊపగానే గిరుక్కున తిరిగి నడక మొదలుపెట్టేది. వెనక్కి చూసేది కాదు. నాలుగడుగులు వేసేలోపు హారన్ మోగేది. దుకాణం ఎదురుగా ఉన్న స్టాండులో డ్రైవర్లంతా ఆవిడకు నడకావిడ అని పేరు పెట్టారు. ఆ సంగతి తెలిసి పిన్ని వారంరోజులు పొంగిపోయింది.

కానీ ఒక ముల్లు మాత్రం లోపల ఉండిపోయింది. పుష్కరం గడిచినా, ఎంత గీచి గీచి బేరమాడినా, ఊళ్ళోవాళ్ళిచ్చే దానికంటే పిసరంత ఎక్కువ దగ్గరే తెగేది. ఆ పిసరు ఎందుకు తగ్గదో ఆవిడకు అర్థమయ్యేది కాదు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఆ రోజు మధ్యాహ్నం పిన్ని ఒక పెళ్ళికూతురి కాళ్ళ దగ్గర కూర్చుని గౌను అంచుకు సూదులు గుచ్చుతోంది. బయట వాన దంచికొడుతోంది. ఫోను మోగింది. అక్క.

పిన్నికి తల్లి తరవాత తల్లి ఆ అక్క. జడలు వేసింది, బడికి తీసుకెళ్ళింది, కూరగాయల బండి దగ్గర గీచిగీచి అడగడం నేర్పింది కూడా తనే. అక్క నర్సు. చెల్లెలొక దేశంలో, అక్కొక దేశంలో. ఒకరికి సెలవు దొరికినప్పుడు ఇంకొకరికి దొరక్క, చూసుకుని తొమ్మిదేళ్ళయింది. ఆ రోజు అక్క కొత్త ఉద్యోగానికి మరో దేశం వెళ్తోందని పిన్నికి తెలుసు.

"ఏమే, ఏం చేస్తున్నావు?" అంది అక్క.

"పనిలో ఉన్నానక్కా. విమానం ఎక్కలేదా ఇంకా?"

"ఎక్కాను, దిగాను కూడా. దిగాల్సిన ఊళ్ళో మబ్బు పట్టేసిందిట, తీసుకొచ్చి మీ ఊళ్ళో దించారు."

పిన్ని చేతిలోంచి సూదులన్నీ జారి నేలమీద పడ్డాయి.

"మా ఊళ్ళోనా? మా ఊళ్ళో అంటే మా ఊళ్ళోనేనా?"

"నీ ఊరు కాక నాకింకో ఊరెక్కడిదే. ముందు హాల్లో కూర్చోబెట్టారు, బయటికి వదలరుట. మధ్యలో నడుమెత్తు రెయిలింగు ఉంది, అవతలి నుంచి జనం వచ్చి మాట్లాడి పోతున్నారు. రాగలవా? అక్కడ మబ్బు విడిపోయిందిట, ఇక్కడ వాన వెలిస్తే ఎక్కించేస్తారుట. ఎప్పుడో ఏమిటో ఎవరూ చెప్పట్లేదు."

"వస్తున్నా. కదలకు. వస్తున్నా," అంటూనే పిన్ని లేచింది. గౌను అంచు సగం మడతపడి, సగం వేలాడుతుండగా పెళ్ళికూతురు అలాగే స్టూలు మీద నిలబడి ఉంది. దుకాణం యజమానురాలికి పిన్ని చెప్పిందేమిటో ఒక్క ముక్క అర్థం కాకపోయినా, ఆ మొహం చూసి "వెళ్ళు, వెళ్ళు" అని తనే కింద కూర్చుని సూది అందుకుంది. మెడలో టేపు మెడలోనే ఉంది, పిన్ని వీధిలో పడింది.

మొదటి టాక్సీ ఎదురుగానే ఆగింది. ఎయిర్‌పోర్టు అనగానే డ్రైవరు ఒక రేటు చెప్పాడు. పిన్ని నోరు పిన్నిని అడక్కుండానే అందులో సగం చెప్పింది. వాడు తల ఊపాడు. అంతే, కాళ్ళు గిరుక్కున తిరిగాయి. నాలుగడుగులు వేశాక, తనేం చేస్తోందో గుర్తొచ్చింది. వెనక్కి తిరిగి చూస్తే టాక్సీలో గొడుగు ముడుస్తూ ఇంకెవరో ఎక్కుతున్నారు. వానపూట ఏ డ్రైవరు హారన్ కొట్టి పిలుస్తాడు?

"నా నోరు పడిపోను," అని తనను తాను తిట్టుకుంటూ రెండోదాన్ని ఆపింది. ఈసారి ఎంతంటే అంత అని గట్టిగా అనుకుంది. వాడు మొదటివాడికి రెట్టింపు చెప్పాడు. పిన్ని పళ్ళు బిగబట్టింది. అయినా మాట తోసుకుని వచ్చేసింది. "ఏం బాబూ, ఎయిర్‌పోర్టును నిన్నటికి నిన్న పక్కదేశానికి జరిపారా?" వాడు అద్దం ఎత్తేసి నీళ్ళు చిమ్మి పోయాడు. చీర కుచ్చిళ్ళు తడిసి ముద్దయ్యాయి. పిన్నికి ఏడుపొచ్చింది. అక్క అంతదూరం నుంచి ఆకాశంలోంచి దిగివచ్చి కూర్చుంటే, తను ఇక్కడ వీధిలో నిలబడి బేరాలాడుతోంది.

వానలోనే రోడ్డుకు అడ్డంపడి ఎదుటి స్టాండుకు పరుగెత్తింది. ఉన్నదొక్కటే టాక్సీ. అందులో మీసాలాయన. స్టాండులో అందరికంటే పెద్దవాడు, పిన్నికి పాత శత్రువు. ఇద్దరూ కలిసి ఆ కిటికీ దగ్గర ఎన్ని సాయంత్రాలు వాదించుకున్నారో లెక్కలేదు. నడకావిడ రావడం చూసి ఆయన ఈ వానలో తనకీ ఖర్మేమిటన్నట్టు నిట్టూర్చి అద్దం కాస్త దించాడు. పిన్ని అద్దం వైపు చూడనే లేదు. వెనక తలుపు లాగి కూర్చుంది.

"ఎయిర్‌పోర్టుకు. పోనీ."

ఆయన కదల్లేదు. ముందున్న చిన్నద్దంలో చూస్తూ ఆవిడ మొదలుపెట్టడం కోసం ఎదురుచూశాడు. బేరం రాలేదు. ఆయనకు భయం వేసింది. వెనక్కి తిరిగాడు.

"ఒంట్లో బాగాలేదా అమ్మా?"

"మా అక్క," అంది పిన్ని. వచ్చిన భాష కూడా రావడం మానేసింది. "అక్క. విమానం. ఇక్కడ దిగింది. వాన ఆగితే పోతుంది. తొమ్మిదేళ్ళు."

మీసాలాయన చటుక్కున గేరు వేశాడు. టాక్సీ ముందుకు దూకింది. పెద్దరోడ్డు నిండిపోయిందని గిడ్డంగుల వెనక సందులోకి తిప్పాడు, అక్కణ్ణుంచి కాలువగట్టు మీదికి. అడ్డంవచ్చిన లారీవాడికి తల బయటపెట్టి ఏదో అరిచాడు. ఆ అరుపులో 'అక్క' అన్న ముక్క పిన్నికి తెలిసింది. లారీవాడు పక్కకు తప్పుకున్నాడు. ఇంకో కూడలి దగ్గర తోటి టాక్సీవాడికీ అదే చెప్పాడు, వాడూ దారిచ్చాడు. ఊరుఊరంతా తన అక్క కోసం తప్పుకుంటోందనిపించి పిన్నికి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, సీటు అంచున కూర్చుని రెండు చేతులతో ముందుసీటు పట్టుకుని తనే టాక్సీని నెడుతున్నంత పనిచేసింది.

ఇంతలో వాన సన్నబడింది. పన్నెండేళ్ళుగా ఆ ఊరి వానను తిట్టని రోజు లేదు ఆవిడకు, బట్టలారవని, గోడలు చెమ్మబడతాయని. ఇప్పుడు అద్దానికి మొహం ఆనించి "పడవే తల్లీ, ఇంకాస్త పడవే" అని బతిమాలింది. అద్దం మీద చినుకు లేదు. మీసాలాయన వైపరు ఆపబోయాడు.

"ఆపకు," అంది పిన్ని.

ఆయన చిన్నద్దంలో ఆవిడ వైపు చూశాడు. ఆపలేదు. పొడి అద్దం మీద వైపరు కీచుకీచుమంటూ ఎయిర్‌పోర్టు దాకా అలాగే కొట్టుకుంది.

దిగగానే పిన్ని సంచీలో చేతికందిన నోట్లన్నీ తీసి ఆయన ముందు చాచింది. ఎంత అని అడగడానికి కూడా ఓపిక లేదు. మీసాలాయన వాటిలోంచి కొన్ని ఏరుకుని మిగతావి ఆవిడ గుప్పిట్లోనే మూశాడు. పిన్నికి అంకెలు తెలియవా? చూడగానే తెలిసింది. అది ఇస్త్రీ ఆవిడలాంటి ఊళ్ళోవాళ్ళు ఎయిర్‌పోర్టుకిచ్చే రేటు. పిసరు కూడా ఎక్కువ లేదు.

"తక్కువ తీసుకున్నావు," అంది తెల్లబోయి.

"ఊళ్ళోవాళ్ళు ఇచ్చేది ఇంతే. వాళ్ళు అడగరు, ఎక్కి కూర్చుంటారు. అడిగినవాళ్ళకే పైన పిసరు వేసి రేటు చెప్తాం. వెళ్ళమ్మా, వాన వెలిసింది."

ఇన్నేళ్ళూ పప్పులో కాలేశానా అని తీరిగ్గా ఆశ్చర్యపోవడానికి కూడా వ్యవధి లేదు. పిన్ని పరుగెత్తింది. హాలు నిండా జనం. రెయిలింగు అవతల అటూ ఇటూ చూస్తున్న ఒక నీలం స్వెట్టరు, సగం నెరిసిన తల. గొంతెత్తి "అక్కా" అంది. హాల్లో సగంమంది తిరిగారు. అక్క తిరిగింది.

రెయిలింగు మధ్యలో అడ్డంగా ఉండగానే ఇద్దరూ వాటేసుకున్నారు. అక్క ఒళ్ళంతా తడిమి చూసింది. "ఏమిటే ఈ తడి. గొడుగు లేదా? మెడలో ఇదేమిటి?" అంటూ టేపు లాగి పక్కన పెట్టి, తన కొంగుతో చెల్లెలి తల తుడవడం మొదలుపెట్టింది, స్వెట్టరు కిందినుంచి లాగి మరీ. పిన్ని టాక్సీల గోల, లారీ గోల, రేటు గోల అంతా ఒక్క ఊపిరిలో చెప్పేసింది. అక్క నవ్వీనవ్వీ కళ్ళు తుడుచుకుంది. "మరిది ఎలా ఉన్నాడు" అని అడగబోయింది. అప్పుడే మైకు మోగింది. విమానం వాళ్ళందరినీ లోపలికి రమ్మంటున్నారు.

కాపలా ఉన్న అధికారి వచ్చి అక్కను లోపలికి కదలమని చెయ్యి చూపాడు.

పిన్ని ఆయనకు అడ్డం నిలబడింది. "అరగంట," అంది.

ఆయన కుదరదన్నాడు.

"పావుగంట. నేనిప్పుడే వచ్చాను. కావాలంటే డ్రైవర్ని అడుగు."

ఆయన వెనక వరసవైపు చూశాడు. వరస పొడుగ్గానే ఉంది. జాలిపడ్డాడో ఏమో, అయిదువేళ్ళు చూపించాడు.

"అయిదు ఎలా సరిపోతాయి బాబూ? తొమ్మిదేళ్ళకు అయిదా? పది చెయ్యి. పోనీ నీ మాటా వద్దు, నా మాటా వద్దు, ఎనిమిది."

ఆయన మళ్ళీ అయిదే చూపించాడు. పిన్ని ఊపిరి పీల్చుకుని ఇంకో మాటకు సిద్ధమైంది. అక్క చెయ్యి పట్టుకుని ఇటు తిప్పుకుంది.

"ఆపవే బేరం. నువ్వు అతనితో మాట్లాడుతుంటే నా అయిదూ అయిపోతున్నాయి," అంది.

పిన్ని అధికారి వైపు తిరిగి, "సరే బాబూ, అయిదు చాలు," అంది. బేరాలు నేర్చాక ఆ ఊళ్ళో అవతలివాళ్ళు మొదట చెప్పిన మాటకే ఆవిడ ఒప్పుకోవడం అదే మొదలు. తరవాత ఇద్దరూ రెయిలింగు మీద చేతులు ఒకదానిమీద ఒకటి వేసుకుని నిలబడ్డారు, ఆ అయిదూ అయ్యేదాకా.