కల్లం మీద పెట్టిన సున్నా

మీ ట్రాక్టరు స్టీరింగు ముందు వంపు మీటరు ఉందా? ఉంటే, దాని ముల్లు సున్నా మీద నిలబడినప్పుడు మీ బండి నిజంగానే సాపుగా, ఏ పక్కకూ ఒరగకుండా ఉందని మీకు ఎవరు చెప్పారు? ఎవరి మాట నమ్మి కాలువ కట్ట ఎక్కుతున్నారు?

నన్నడిగితే, నా మాట నమ్మి ఎక్కినవాడు ఒకడున్నాడు. ఆయన మా కాక, మా బాపుకు తమ్ముడు. పోయిన గురువారం పొద్దున చెరుకు ట్రాలీతో కాలువ కట్ట మీద పోతుండగా బండి ఎడమకు ఒరిగి, కింద పొలంలోకి పల్టీ కొట్టింది, ఆయన అక్కడికక్కడే చనిపోయాడు. ఆ సమయానికి నేను బోధన్‌లో ఒకరింట్లో పీట మీద కూర్చుని, గ్రంథం ముందు పెట్టుకుని, సమబుద్ధి గురించి చెబుతున్నాను. సుఖంలోనూ దుఃఖంలోనూ మనిషి ఒరగకుండా ఎట్లా నిలబడాలో చెబుతున్నాను. ఫోను మూడుసార్లు మోగింది. మూడోసారి ఎత్తితే మా పక్కింటి తమ్ముడు.

"అన్నా, కాక బండి పల్టీ కొట్టింది. నువ్వు జల్ది రా."

"కాకకెట్లుంది?"

"నువ్వైతే రా అన్నా."

గ్రంథం మూయడం కూడా మరిచిపోయి లేచి వచ్చాను. ఆ ఇంటివాళ్లు మర్నాడు దాన్ని గుడ్డలో చుట్టి పంపించారు. ఇప్పటిదాకా ముడి విప్పలేదు.

ట్రాక్టరు ఎరగనివాళ్ల కోసం చెబుతాను. వంపు మీటరంటే బండి ఎడమకో కుడికో ఎంత ఒరిగిందో చూపించే గుండ్రటి డబ్బా. గాజు కింద ఒక ముల్లు, దానికి రెండువైపులా గీతలు. ఒక్కో గీత ఒక్కో డిగ్రీ. ఇది బజారులోకి రాకముందే మా కాక బండికి అటువంటిది ఉండేది. అర్ధచంద్రంలా కోసిన రేకు, దాని ముందు వైరుకు వేలాడే ఒక నట్టు, అంతే. రేకు మీద మేకుతో గీకిన గీతలు. ఒకచోట పచ్చదారం, అంతకంటే లోపల ఎర్రదారం. ట్రాలీ ఖాళీగా ఉంటే పచ్చదారం దాకా పోవచ్చు. చెరుకు నిండితే బరువు పైకెక్కుతుంది, బండి తొందరగా పడుతుంది కనుక ఎర్రదారం దగ్గరే ఆగాలి. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ నడిచే రోజుల్లో ఆయనతో పాటు చెరుకు తోలిన దోస్తు ఒకడు ఒర్రె, అదే చిన్న వాగు, దాటుతూ బండి ఒరిగి దాని కింద పడి చనిపోయాడు. ఆ మర్నాడే మా కాక ఆ రేకు కోశాడు. ఎందుకు కాకా అంటే, "వాని బండి గంత వంగినట్టు నాకే కనవడలేరా, ఎనుకనే ఉన్న" అన్నాడు. అంతకు మించి ఎన్నడూ చెప్పలేదు.

మొదట్లో నేను ఆ నట్టును ఎగతాళి చేసేవాణ్ణి. ఊరూరా తిరిగి ప్రవచనం చెప్పేవాణ్ణి కదా, నోటి దురద. "ఆ ఇనుప ముక్కను నమ్మినంత దేవుణ్ణి నమ్మితే ఎప్పుడో తరించేవాడివి కాకా" అన్నాను నలుగురిలో. ఆయన చెవి మీది బీడీని వేలితో సర్దుకుని, "దేవునికి నా మీద కోపమేం లేదురా సామీ. కట్టకే ఉన్నది" అన్నాడు. అందరూ నవ్వారు.

ఒకరోజు నన్ను ట్రాక్టరు ఎక్కించుకుని కట్ట పక్కవాలు మీదకు తీసుకుపోయి ఆపాడు.

"ఎంత వంగినం చెప్పు."

"ఏం వంగలేదు కాకా. కొంచెం అంతే."

"ముల్లు సూడు."

నట్టు పన్నెండో గీత మీద ఊగుతోంది. నేను మడ్గార్డును రెండు చేతులా పట్టుకున్నాను. ఆయన తాపీగా చెప్పాడు. "సీటు మీద ఉన్నోనికి పానం అలవాటైతది. బండి వంగినకొద్దీ నడుము తనంత తానే సక్కగయితది. గందుకే అంతా సాపున్నట్టే కొడ్తది. నీ కండ్లు, నీ నడుము, రెండూ అబద్ధమే చెప్తయ్. దిగి సూడు."

ఆయన దిగేవాడు. కొత్త వాలు వస్తే చాలు, చెప్పులు చేతిలో పట్టుకుని ముందు తాను నడిచి, మడమతో మట్టి నొక్కి చూసి, తరువాతే బండి తోలేవాడు. వెనక వచ్చే బండ్లవాళ్లు హారన్లు కొట్టేవాళ్లు. "ఏం ముసలోడా, పెండ్లిపిల్లను సూడవోతున్నవా?" అని అరిచేవాళ్లు. "అవునురా, కట్నం గిట అడుగుతదేమోనని" అనేవాడు. నా ప్రవచనాలకు వచ్చి చివరి వరుసలో కూర్చునేవాడు. కథ అంతా అయ్యాక దగ్గరకు వచ్చి, "మంచిగ చెప్పినవ్. గని నీ పీట ఒరిగింది, గా చెంబుల నీళ్లు సూడు" అనేవాడు. నిజంగానే నీళ్లు చెంబు అంచుకు ఒకపక్క ఎక్కువ తాకి ఉండేవి. ఆయన దేనినీ కంటితో నమ్మలేదు. నీటిని నమ్మాడు, వేలాడే బరువును నమ్మాడు. చివరికి నన్ను నమ్మాడు.

ఇప్పుడు అసలు మాట చెప్పాలి.

పోయిన ఏడాది నాకు వంపు మీటరు మీద భక్తి పుట్టింది. ఏ పని మొదలుపెట్టినా నాకు మంట పుట్టాలి, అది నా స్వభావం. ప్రతి ఊర్లో ప్రవచనం చివర, "అయ్యలారా, ప్రాణం భగవంతుడిది, బండి మీది, మీటరు పెట్టించుకోండి" అని గొంతు చించుకున్నాను. నిజామాబాద్ పోయి డబ్బాలు తెచ్చాను. ఏడు బండ్లకు నా చేతులతో బిగించాను. మొట్టమొదట మా కాక బండికే. పాత రేకు తీసేసి, కొబ్బరికాయ కొట్టి, కొత్తది పెట్టి, దారాలు ఉన్న డిగ్రీల దగ్గరే దాని గాజు మీద పచ్చగీత, ఎర్రగీత గీశాను.

మీటరు బిగించేటప్పుడు బండిని సాపుగా ఉన్న నేల మీద నిలబెట్టి ముల్లును సున్నా మీదకు తిప్పి స్క్రూ గట్టిగా పట్టించాలి. మా ఇంటి వెనక పసుపు ఆరబోసే కల్లం ఉంది. సిమెంటు కల్లం. ఏడు బండ్లనూ దాని మీదే, ఒకే దిక్కుకు ముఖం పెట్టి, వరుసగా నిలబెట్టి సున్నా పెట్టాను.

అప్పటికి కాకకు కంటి ఆపరేషన్ అయి వారమే అయింది. పచ్చగుడ్డ కట్టుకుని గోడ నీడన మంచం మీద కూర్చున్నాడు.

"మొగం తిప్పి సూసినవారా?" అని అడిగాడు.

అది ఆయన పద్ధతి. బండిని ఒకచోట నిలబెట్టి ముల్లు చూడాలి. తరువాత ముఖం వెనక్కి తిప్పి, అవే చక్రాల గుర్తుల్లో నిలబెట్టి మళ్లీ చూడాలి. మొదట ఎడమకు ఎన్ని గీతలు చూపిందో, తిరిగాక కుడికి అన్నే చూపాలి. తేడా వస్తే నేల సంగతి ఎట్లున్నా మీటరు అబద్ధం.

"కల్లం మీద పెట్టిన కాకా! కల్లం కన్నా సాపు ఏముంటది?"

మా దిక్కు ఎవరిని అడిగినా ఇదే అంటారు. సాపు నేలను చెప్పాలంటే కల్లం లెక్కుంది అంటాం. ఆయన నవ్వాడు. "గట్లనా? మంచిదే. నువ్వు పెట్టినంక మల్ల నేను సూసుడేంది."

ఈ మాటను నేను ఏ నీళ్లతో కడుక్కోను?

నెల తరువాత ఒకనాడు టీ తాగుతూ, "కుడి దిక్కు ముల్లు జల్ది గుంజుతాందిరా. ఎడమ దిక్కైతే కదులుతనే లేదు" అన్నాడు. చెప్పాడు! నా ముందు కూర్చుని, గ్లాసు కింద పెట్టి మరీ చెప్పాడు! నేనేం చేశాను? "కొత్త మీటరు కాకా, నీ నట్టు లెక్క ఊగదు, అలవాటు కావాలె" అన్నాను. అలవాటు! అలవాటే మనిషిని మోసం చేస్తుందని నాకు నేర్పినవాడితో అలవాటు చేసుకోమన్నాను.

పల్టీ కొట్టిన బండిని క్రేనుతో లేపి, మూడో రోజున తెచ్చి మా కల్లం మీదే వదిలారు. ఎప్పుడూ నిలబెట్టే దిక్కుకే ముఖం పెట్టి వదిలారు. మీటరు గాజు పగిలింది గానీ ముల్లు బాగానే ఉంది. సున్నా మీద కదలకుండా నిలబడి ఉంది. కాక భార్య, మా చిన్నమ్మ, బిందెతో నీళ్లు తెచ్చి, ఎవరినీ దగ్గరకు రానియ్యకుండా, సీటు మీద, మడ్గార్డు మీద కుమ్మరించింది. నేను దూరంగా నిలబడి చూస్తున్నాను. ఆ నీళ్లు కింద పడి ఒక్క క్షణం కూడా ఆగలేదు. ఎడమ చక్రం కిందుగా, ఎర్రగా, బిరబిరా కల్లం మూలకు పరుగెత్తాయి.

నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఉడకబెట్టిన పసుపు మీద వాన పడితే నీరు నిలవకూడదని, ఆ కల్లానికి వాలు పెట్టించింది నేనే. మేస్త్రీ పక్కన నిలబడి, ఇంకా పెట్టు, ఇంకా పెట్టు అని పెట్టించింది నేనే. పరుగెత్తే నీళ్ల పక్కన ముల్లు సున్నా మీద ఉంది. తరువాత కొలిచాను. మూడు గీతలు. ఎడమకు ఎప్పుడు ఒరిగినా నా మీటరు మూడు గీతలు తక్కువ చెప్పింది. గురువారం ఆయన ఎర్రగీతకు ఇవతలే ఉన్నాననుకుని పోయాడు. బండి అప్పటికే ఎర్రగీత దాటి ఉంది.

ఊర్లో ఏమంటున్నారో తెలుసు. ముసలోనికి చూపు ఆనలేదన్నారు, నిద్రపోయి ఉంటాడన్నారు. చిన్నమ్మ ఎవరి మాటా పట్టించుకోలేదు. దినాలు జరుగుతుండగా నన్ను పిలిచి ఒక్కటే అడిగింది.

"కొడుకా, మీ కాక ముల్లు సూడలేదా?"

"సూసిండు చిన్నమ్మా. సూసే పోయిండు. ముల్లే తప్పు. నేను పెట్టిన ముల్లు."

తిడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. "సూసిండు గదా" అంది. అంతే. కొంగు సర్దుకుని లోపలికి పోయింది. ఆ తలుపు ముందు ఎంతసేపు నిలబడ్డానో నాకు తెలియదు.

నలభై ఏళ్లు చెరుకు తోలి, ఒక్కసారి కూడా చక్రం తప్పు పెట్టని మనిషి గురించి నేను ఎవరికి ఏం ప్రవచనం చెప్పగలను? చావు దగ్గర ఇన్నాళ్లూ నేను అందరికీ చెప్పిన మాటలన్నీ నాకు నేను చెప్పుకుని చూశాను. ఒక్కటీ దిగలేదు. కర్మ అనుకోమన్నారు నా శిష్యులు. కర్మ కాదు. స్క్రూడ్రైవరు పట్టుకున్న నా చెయ్యి. భగవంతుడి ముందు నేను నిలబడే రోజున ఆయన నన్ను ఏ శ్లోకమూ అడగడు. నేలను చూశావా అని అడుగుతాడు. చూడలేదు స్వామీ అనాలి.

ఓదార్పు కోసం ఇది రాయడం లేదు. నాకు ఓదార్పు వద్దు. మిగిలిన ఆరు బండ్ల కోసం రాస్తున్నాను. ఆ ఆరింటికీ అదే కల్లం, అదే దిక్కు, అదే మూడు గీతల అబద్ధం. దినాలు ముగియకముందే బయలుదేరాను. నవీపేట్ దిక్కు రెండు, బోధన్ చుట్టుపక్కల మూడు. అయిదింటినీ పట్టుకున్నాను. ఒకాయన నా మీదకు చెయ్యెత్తాడు. ఎత్తనిచ్చాను. అయిదు మీటర్లూ విప్పేశాను.

ఆరోది దొరకలేదు. కమ్మర్‌పల్లి ఆయనది. దుబాయి పోతూ నిజామాబాద్‌లో ఎవరికో అమ్మేశాడట. కొన్నది ఎవరో ఆయనకే తెలియదు. ఆర్మూర్ వైపు అని ఒకరు, మహారాష్ట్ర వైపు అని ఒకరు అన్నారు. ఎర్ర ట్రాక్టరు. మీటరు తెల్లటి డబ్బా. దాని సున్నా దగ్గర పచ్చ పెయింటుతో, శుభమని, నేను వేలితో పెట్టిన చుక్క ఉంటుంది. పరీక్షగా చూస్తే అందులో నా వేలిగీతలు కూడా కనిపిస్తాయి.

చెరుకు కోత నడుస్తోంది. ఈ మాటలు మీరు చదువుతుండగానే ఆ బండి ఏదో కట్ట మీద, నిండు ట్రాలీతో, ఎడమకు ఒరిగి పోతూ ఉండవచ్చు. దాని మీద కూర్చున్నవాడు ఆ చుక్క చూసి ధైర్యంగా ఉండవచ్చు. ఆ బండి మీదైతే, మీ పక్కింటివాళ్లదైతే, దారిలో మీకు ఎదురైతే, రేపటిదాకా ఆగకండి. అడ్డం పడండి. ఇంజను ఆపించండి. ఆ చుక్కను గీకి పారేయండి. ఈ రోజే, ఈ పూటే, లేవండి!