లష్కర్ మొహిద్దీన్ తెప్ప ప్రయాణం

మరిపెడకు పైన, పెద్దకాలువ రెండుగా చీలే చోట, గులాం మొహిద్దీన్ ముప్పై ఒక్కేళ్లు లష్కర్‌గా పనిచేశాడు. లష్కర్ అంటే పెద్ద హోదా ఏమీ కాదు. కాలువ గేటు ఎత్తేవాడు, దించేవాడు. ఎనిమిది రోజులు కుడికాలువకు నీళ్లు, ఎనిమిది రోజులు తండా వైపు పోయే ఎడమకాలువకు. చేసింది ఇంతే అయినా, హోటల్లో కూర్చుంటే మాత్రం గోదావరిని తానే చెయ్యిపట్టి తీసుకొచ్చినట్టు మాట్లాడేవాడు. రిటైరై రెండేళ్లయినా, తన పనిలో ఒక్క తప్పు పట్టిన మొనగాడు లేడని చెప్పందే చాయ్ గ్లాసు కింద పెట్టడు. ఈత రాదన్న సంగతి ఒక్క భార్య రషీదా బేగంకే తెలుసు.

చెల్పూర్‌లో కరెంటు డ్యూటీ చేసే కొడుకు ఖలీల్ ఒకరోజు ఫోన్‌లో వీడియో పంపాడు. ఏదో దేశంలో కాలువ మీద పడవ వస్తోంది. వెనక గేటు మూస్తారు, నీళ్లు నిండుతాయి, పడవ మెల్లగా పైకి లేస్తుంది. ముందు గేటు తీస్తే ఇంకో ఊరికి సాగిపోతుంది. పోతూపోతూ పడవలోని వాళ్లు గేటు తీసిన మనిషికి చెయ్యి ఊపుతారు. ఆ ముక్కను మొహిద్దీన్ ఎన్నిసార్లు చూశాడో లెక్క లేదు. తన గేటు దగ్గరికి వచ్చినవాళ్లు నీళ్లకేసి చూశారే గానీ తనకేసి చూడలేదు. లష్కర్‌కు ఇంత మర్యాద ఉన్న లోకం ఒకటుందని తెలిశాక ఆయనకు ఊరికే కూర్చోవడం కష్టమైంది.

కాలువ మీద తెప్పెక్కి సాయంత్రం నాలుగింటికల్లా మరిపెడ బ్రిడ్జి కింద కనపడతానని మర్నాడే హోటల్లో ప్రకటించేశాడు. చెరువులో చేపలు పట్టే సమ్మయ్య తన థర్మకోల్ తెప్ప ఇచ్చాడు. మిగతావాళ్లు బ్రిడ్జి మీద పూలదండతో నిలబడతామన్నారు. అందులో అభిమానం ఎంతో, వెటకారం ఎంతో ఆయన పట్టించుకోలేదు. ఇంట్లో చెప్పలేదు. కూతురు హుమేరాకు అసలే చెప్పలేదు. ఆయన దిగిపోయాక ఆ గేటు దగ్గర తాత్కాలికంగా పెట్టుకున్నది ఆమెనే.

కుడికాలువకు నీళ్లు వదిలి అది ఎనిమిదో రోజు. సాయంత్రం అసర్ నమాజు వేళ దాకా నీళ్లుంటాయి, అది చాలు. ఎవరినైనా అడుగుదామన్న ఆలోచనే రాలేదు. నీళ్ల సంగతి లష్కర్‌కు ఎవరు చెప్పాలి? పొద్దున పదింటికి, గేటుకు కనపడనంత దూరంలో తెప్ప దించాడు.

మొదటి రెండు గంటలూ రాజభోగమే. ఊళ్లన్నీ వెనకవైపు నుంచి కనపడ్డాయి. ఆరేసిన బొంతలు, పేడకుప్పలు, పత్తిమిల్లు వెనక గోడ, బడి వెనక ఎవరికీ కనపడకుండా బీడీ కాలుస్తున్న సారు. రెండు చేతులతో తెప్పను గట్టిగా పట్టుకోవడం వల్ల ఆయన ఎవరికీ చెయ్యి ఊపలేకపోయాడు. బట్టలుతుకుతున్న ఆడవాళ్లు, కావాలని పోతున్నావా కొట్టుకుపోతున్నావా అని అడిగారు. జవాబు వెతుక్కునేలోగా వాళ్లను దాటిపోయాడు.

ఆ తర్వాత కాలువ గోడ మీద తడి గీత నీళ్లకంటే జానెడు పైకి కనపడింది. కాసేపటికి మూరెడు. దాని అర్థం అందరికంటే ముందు తెలియాల్సింది ఆయనకే. కాలువ ఎండకు ఇగిరిపోతోందేమో అనుకున్నాడు, ఆ మహానుభావుడు. ఒంటిగంటన్నరకు తెప్ప బురదలో కూర్చుంది.

మోకాలి లోతు బురదలో నిలబడి హుమేరాకు ఫోన్ చేశాడు. ఒక్క గంట గేటు లేపమన్నాడు.

"పన్నెండుకు బంద్ చేసిన అబ్బా. కాయితంల గట్లనే ఉంది. ఇప్పుడు గవి తండా నీళ్లు, నీకెట్ల ఇస్త?" అంది హుమేరా. మళ్లీ తనే అడిగింది. "నువ్వు గూడ పన్నెండుకే బంద్ చేసేటోనివి గదా?"

ఆయన ఫోన్ పెట్టేశాడు.

పన్నెండుకు ఆయన అన్నం తినేవాడు. తిన్నాక గేటు పక్క గదిలో నడుం వాల్చేవాడు. లేచి, అసర్ నమాజు చేసుకుని అప్పుడు గేటు మార్చేవాడు. ఎడమకాలువ వంతు ముగిసే రోజున మాత్రం అలా కుదిరేది కాదు. కుడికాలువ ఆయన సొంతూరిది. ఊరి రైతులు పదకొండున్నరకే వచ్చి నెత్తిమీద నిలబడేవారు. తండా వాళ్లు రెండుసార్లు వచ్చి నీళ్లు చాలడం లేదన్నారు. పైనుంచే తక్కువ వస్తున్నాయని చెప్పి పంపేశాడు. అబద్ధమాడుతున్నానని కూడా అనుకోలేదు. తాను పడుకుని లేచేదాకా కుడికాలువలోకి పోయినవి తండా నీళ్లని ఇప్పుడు తెలిసింది.

గట్టు మీద ఒక లంబాడీ ఆమె కనపడింది. పేరు కమ్లీ. రెండు కాలువల మధ్య, ఎడమకాలువ కింద ఆమె పొలం. భుజాన పార ఉంది. బర్రె తాడు విసిరి ఆయన్ని పైకి లాగింది, తెప్పనూ లాగింది. పొలానికి నీళ్లొచ్చాయని, తొందరగా పోవాలని చెప్పింది.

"రెండేండ్ల సంది నీళ్లు యాళ్లకు వస్తున్నయి కాకా. గేటు కాడికి ఎవరో పొల్ల వచ్చిందట. మునుపు మా ఆఖరి మడి తడవకముందే బంద్ అయ్యేది. రెండెకరాలు పడావు పెట్టి నా పెనిమిటి కూలికి పోయిండు."

"ఆ పొల్ల నా బిడ్డే" అన్నాడు మొహిద్దీన్. గొప్ప చెప్పుకునే అలవాటు బురదలో కూడా పోలేదు.

"మరి మునుపున్నది ఎవరు?"

అబద్ధం చెప్పడానికి నోరు తెరిచాడు గానీ రాలేదు.

"నేనే బిడ్డా. పగటీలి తిని పండుకునేటోన్ని."

కమ్లీ పారను ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుంది. తిట్టి ఉంటే బాగుండుననిపించింది ఆయనకు. ఆమె పొలం వైపు నడిచింది. మరిపెడ వైపు పోవాల్సిన మనిషి తెప్పను గట్టు మీదే వదిలేసి ఆమె వెనకే వెళ్లాడు.

పడావు పడి బీడైన ఆ రెండెకరాల్లో ఇప్పుడు వరి ఉంది. నీళ్లు ఆఖరి మడి గట్టుకు తగులుతున్నాయి. కమ్లీ పార ఆయన చేతికిచ్చి, గట్టుకు గండి పెట్టమంది.

మొహిద్దీన్ పార పట్టుకుని అటూ ఇటూ చూశాడు. తన గేటు నీళ్లు చివరికి ఏ మట్టిలోకి పోతాయో ముప్పై ఒక్కేళ్లలో ఒక్కసారీ చూడలేదు.

"ఎక్కడ పెట్టాలె బిడ్డా?" అని అడిగాడు.