వరి చేలో మినుముల లెక్క

"ఒక రైతుకు పన్నెండు ఎకరాల పొలం ఉంది. అందులో మూడింట రెండు వంతులు వరి, నాలుగో వంతు మినుము వేశాడు. ఖాళీగా ఉన్న పొలం ఎంత?"

ఈ లెక్క తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

తొంభైల్లో మాట. ఐదో తరగతి అవుతుండగా, హాస్టలున్న గురుకుల పాఠశాలలో సీటు కోసం నాన్నతో విజయవాడ వెళ్ళి పరీక్ష రాశాను. మా ఊరి బడి ఐదుతో సరి, హైస్కూలేమో కాలవ అవతలెక్కడో. సీటొస్తే పదిదాకా తిండీ చదువూ వాళ్ళే చూసుకుంటారు. రాకపోతే పుస్తకాలు అటకెక్కించి అమ్మతో చేలోకి పోవాల్సిందేనని ఇంట్లో తేల్చేశారు.

వరి ఎనిమిదెకరాలు. అది సరే. మరి మినుము? మా వైపు వరి కోయడానికి నాలుగు రోజుల ముందు, నేలలో తడి పదునుండగానే, నిలబడి ఉన్న పైరులోనే మినుములు చల్లేస్తాం. ఇంక వేరే చోటు దేనికి? నాలుగెకరాలు ఖాళీ అని రాసేసి, దర్జాగా బయటికొచ్చాను.

గేటు దగ్గర ఒక ట్యూషన్ మాస్టారు తన పిల్లలకు జవాబులు చెబుతున్నారు. "వరి ఎనిమిది, మినుము మూడు. ఖాళీ ఒక్క ఎకరం."

"కాదండీ, నాలుగు!" అని, ఎందుకో కూడా చెప్పాను. పిల్లలు పకపకా నవ్వారు. మాస్టారు నవ్వలేదు. "పొలంలో నువ్వన్నది నిజమేనమ్మా. పేపర్లో మాత్రం ఒకటే," అన్నారు జాలిగా. ఆ జాలికి నాకు ఇంకా మండింది.

నాన్న పక్కనే నిలబడి అంతా విన్నాడు. బస్సెక్కాక నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టాడు.

"ఆ పేపరు రాసినాయన ఎప్పుడన్నా పొలం గట్టెక్కాడా నాన్నా?" అన్నాను ఉక్రోషంగా.

"మొన్న మినుములప్పుడు నిన్ను బడి మాన్పించి చేలోకి తీసుకెళ్ళాను గదే," అన్నాడు నాన్న. "ఆ వారం మీ మాస్టారు ఈ లెక్కలే చెప్పుంటారు."

నిజమే. ఆ వారమే భిన్నాలు మొదలుపెట్టారు.

"సీటు రాకపోతే పోయింది. నువ్వు చేలోకి రావద్దు. కాలవ అవతల హైస్కూలుకి రోజూ నేనే సైకిలు మీద దింపుతా."

"మరి మినుములు?"

"నేను చల్లుకుంటాలే."

బస్సులో అందరూ చూస్తున్నా నాన్న ఒళ్ళో తల పెట్టి భోరున ఏడ్చేశాను. సీటు రాలేదు. బడి తెరిచిన రోజు పొద్దున్నే నాన్న సైకిలు కేరియర్‌కి గోనెసంచి మడిచి కట్టి, గుచ్చుకుంటోందేమో కూర్చుని చూడమన్నాడు.