అరవకే, బెరిల్!

బర్న్‌లీ నేతమిల్లులో ఇరవై ఏళ్ళు మగ్గాల మధ్య నిలబడేసరికి బెరిల్ ఆష్‌వర్త్ చెవులు సగం చచ్చాయి. ఆ హోరులో మాట వినబడదు. ఆడవాళ్ళంతా పెదాలు సాగదీసి, ఒకరి నోరొకరు చూసి చదువుకుంటారు. ఇంటికొచ్చాక గొంతు తగ్గించడం మాత్రం చేతకాదు. "అరవకే, బెరిల్! పక్కింటాళ్ళు వింటున్నారు" అని మొగుడు రాన్ పన్నెండేళ్ళు విసుక్కుని, చివరికి క్లబ్బులో బింగో అంకెలు తియ్యగా చదివే ఆవిడతో వెళ్ళిపోయాడు.

మూడు రోజులు ఏడ్చింది. నాలుగో రోజు ఆ మాటనే పల్లవి చేసి పాట కట్టింది. మగ్గాలు బాగుచేసే నెవిల్ డ్రమ్ములు అందుకున్నాడు; మగ్గంలో నాడె అటూ ఇటూ ఆడినట్టే కొడతాడు, తేడా ఉండదు. మాంచెస్టర్‌లో పాడితే పొడుగు కోట్ల కుర్రాళ్ళు తలలూపారు. ఇది పోస్ట్-పంక్ సంగీతమని ఓ పేపరువాడు రాశాడు.

"అంటే ఏంట్రా?" అంది బెరిల్.

"నవ్వకుండా పాడాలట" అన్నాడు నెవిల్.

ఆమెకి కావలసింది ఆ మెప్పు కాదు. మిల్లు ఖర్చుతో చెవి పరీక్షలు చేయించాలన్న యూనియన్ కాగితం మూడు నెలలుగా ఆమె సంచిలో నలుగుతోంది. ఒక్క సంతకం లేదు. "నాకేం, నావి పాము చెవులు" అంటుంది పక్క మగ్గం విన్నీ, మూడుసార్లు అడిగించుకున్నాక. లాభం యజమానిది, సిగ్గు కూలిది! చెవుడుందని ఒప్పుకోలేని ఆ సిగ్గు వదలాలంటే ఈ పాట కూలీల క్లబ్బులోనే, వాళ్ళ ముందే పాడాలి.

శనివారం బింగో అయ్యాక, మాంసం కూరిన వేడి పైలు వడ్డించేలోపు పది నిమిషాలిచ్చాడు క్లబ్బు సెక్రటరీ హారల్డ్. "గోల చేశావో, మైకు కట్టేస్తా."

రెండో చరణంలో కట్టేశాడు కూడా.

బెరిల్‌కి తెలిస్తే కదా! డ్రమ్ముల హోరులో తన గొంతు మునిగిపోయిన సంగతి ఆమె చెవిన పడనేలేదు. కళ్ళు మూసుకుని, మగ్గం దగ్గరి అలవాటుతో నోరంతా తెరిచి పాడుకుపోతోంది.

ముందు బల్ల దగ్గర విన్నీ గ్లాసు దించింది. ఆ పెదాల మీది మాటలు చదివి, గట్టిగా అందుకుంది: "అరిచింది నేను కాదు రాన్, నాలో మగ్గం!" వెనక బల్లలూ కలిశాయి. పల్లవికొచ్చేసరికి అరవై మంది ఆడవాళ్ళు, ఎవరి శ్రుతి వాళ్ళదిగా, "అరవకే, బెరిల్!" అని కప్పు లేచిపోయేలా అరుస్తున్నారు.

హారల్డ్ కుర్చీ ఎక్కాడు. "ఆపండి! అరవకండమ్మా!"

"ఏంటంటున్నాడే?"

"పైలు చల్లారిపోతున్నాయట."

"చల్లారనీ!"

పాట చివరిదాకా సాగింది. కళ్ళు తెరిచిన బెరిల్‌కి వేదిక కింద విన్నీ కనబడింది, పెదాలు సాగదీసి అడుగుతూ: "కాగితం తెచ్చావా?"

బెరిల్ సంచి వెతికి కాగితం, పెన్ను అందించింది. "నీవి పాము చెవులు కదే?"

"పాముకి చెవులెక్కడేడిశాయే, మొద్దూ!" అని విన్నీ సంతకం పెట్టి, పెన్ను వెనక బల్ల ఆవిడకి అందించింది.