అరువు చెరువు

1988 నవంబరు 13, ఆదివారం, పొద్దున ఆరూ నలభైకి ఇది మొదలైంది. మర్రిగూడ దగ్గరి మా ఊరి నుంచి నేనూ, మా మేనత్తా బస్సెక్కిన వేళ అది. ఆ రోజుల్లో పెళ్లిచూపులంటే పిల్లగాడి తరఫువాళ్లు వచ్చి పిల్ల నడక, మాట, వంట అన్నీ పరీక్షించేవారు. మా వైపు మాత్రం పిల్లనిచ్చేవాళ్లు కూడా ఒకటి పరీక్షించేవారు: నీళ్లు. మా ఊరి ఫ్లోరైడు బోరు నీళ్లు తాగీ తాగీ మా అమ్మకు నలభై దాటకముందే మోకాళ్లు వంగడం మానేశాయి. మా బడిలో (నాకు అప్పుడే లెక్కలు చెప్పే కొలువు దొరికింది) పిల్లలు నవ్వితే పళ్ల మీద పసుపు చారలు కనిపించేవి. అందుకే మా బాపు ఒక్క మాట మీదే ఉండేవాడు: "చెరువున్న ఊరికే పిల్లనిస్త. ఎకరాలు నాకొద్దు." భువనగిరి అవతలి నుంచి ఒక సంబంధం వచ్చింది. పిల్లగాడి పెద్దబాపు మీసం దువ్వుకుని, "మా చెరువు సముద్రమే అనుకోండ్రి" అన్నాడు. ఆ సముద్రాన్ని నా కళ్లతో చూడనిదే ఒప్పుకోనని నేను పట్టుబట్టాను. "పిల్ల పోయి ఊరు జూసుడేంది, సిగ్గు లేదా?" అని వాడకట్టంతా నవ్వింది. సిగ్గు సంగతి తర్వాత, నీళ్ల సంగతి ముందు అన్నాను.

నిజానికి నాకు నీళ్ల పిచ్చి. అది చెరువు లేని ఊళ్లో పుట్టినవాళ్లకే అర్థమవుతుంది. బస్సు కిటికీలోంచి కనిపించిన ప్రతి కుంటనూ లెక్కపెట్టాను. భువనగిరి గుట్ట కనిపించేసరికి పద్నాలుగయ్యాయి. (ఒకదాన్ని రెండుసార్లు లెక్కపెట్టానంది మేనత్త. మలుపు తిరిగింది బస్సు, నేను కాదు.) ఆమెకు లోతులూ వెడల్పులూ పట్టవు. ఆమెది ఒకటే పరీక్ష, పప్పు. మంచి నీళ్లలో కందిపప్పు మెత్తగా ఉడుకుతుంది, చెడ్డ నీళ్లలో పలుకులుగానే మిగులుతుంది. ఇది ఏ పుస్తకంలో ఉందని అడిగితే, "నా కుండల ఉన్నది" అనేది. ఆ రోజు ఆమె సంచిలో ఒక సత్తు గిన్నె, అగ్గిపెట్టె ఉన్నాయి. కొంగున కందిపప్పు మూట ఉంది. వరుణ్ని చూడబోతున్నామని మమ్మల్ని చూసినవాళ్లెవరూ అనుకుని ఉండరు.

బస్సు దిగిన చోట పెద్దబాపు ఎదురొచ్చాడు. వెనక ఇస్త్రీ మడతలు నలగని తెల్ల ప్యాంటులో పిల్లగాడు. "ఊరిదేముంది వదినె, తర్వాత జూద్దురు, ముందు చెరువు" అంటూ పెద్దబాపు మమ్మల్ని పొలం గట్ల మీదుగా నడిపించి, కట్ట ఎక్కించాడు. అంత నీటిని ఒక్కచోట నేనెప్పుడూ చూడలేదు. గాలి వచ్చినప్పుడల్లా నీళ్ల మీద ముడతలు లేచి, మా కాళ్ల దాకా వచ్చి ఆగిపోతున్నాయి. మేనత్త మూడు రాళ్లు పెట్టి, గిన్నెడు నీళ్లు ముంచి, పిడికెడు పప్పు పోసి పొయ్యి రాజేసింది. నేను కట్ట ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతూ కనిపించినదల్లా అడగడం మొదలుపెట్టాను.

"గా తెల్ల పిట్టేంది పెద్దబాపూ?"

"కొంగ."

"గది నాకెర్కనే. దాని పక్కన నల్లది?"

"గదిగూడ కొంగనే బిడ్డా. ఎండకు నల్లబడ్డది."

పిల్లగాడు దగ్గాడు. చెరువు నీళ్లను పొలాలకు వదిలే తూము పడమటి వైపు ఉంది, కాలువ కూడా అటే పోతోంది. తమ ఊరని పెద్దబాపు చూపించిన ఇళ్లేమో తూర్పున ఉన్నాయి. "నీళ్లన్ని అటు పోతే మీ పొలాలకెట్లొస్తయి?" అన్నాను. "తిరిగొస్తయ్ బిడ్డా. నీళ్లకేమన్న కాళ్లు నొస్తయా?" అన్నాడు పెద్దబాపు. పిల్లగాడు ఈసారి దగ్గలేదు, నేల చూశాడు.

అంతలో కట్ట ఆ చివరి నుంచి ఒక ముసలాయన కర్ర ఊపుకుంటూ వచ్చాడు. ఆ చెరువు తూమును కాసే నీరటి అట. "ఎవర్రా మా కట్ట మీద పొయ్యి వెట్టింది?" అని కేకేసి, పెద్దబాపును చూసి ఆగాడు. "నువ్వా బావా! నీకు గిక్కడేం పని?"

"మా చుట్టాలు బావా. జర గాలికి కూసున్నరు."

"చుట్టాలైతే మీ కుంట కాడ కూసోవెట్టుకో! మా చెరువు నీ అత్తగారిచ్చిందా?"

మేనత్త పొయ్యి ముందు నుంచి మెల్లగా లేచింది. "కుంటనా?" అంది. పెద్దబాపు మీసం మీది చెయ్యి దానంతటదే కిందికి జారింది. "పెండ్లికని అరువు గొలుసు ఏసుకున్నోళ్లను జూసిన గని, అరువు చెరువు దెచ్చినోళ్లను గిప్పుడే జూస్తున్న" అంటూ ఆమె గిన్నెను కొంగుతో పట్టుకుని, సగం ఉడికిన పప్పును చెరువులోకి కుమ్మరించింది. "చేపలకన్న పెండ్లి బువ్వ దొరకని. నడువు బిడ్డా."

అప్పుడు పిల్లగాడు మొదటిసారి నోరు తెరిచాడు. "మాది కుంటనే అత్తమ్మా. వద్దన్న, పెద్దబాపు ఇనలే. వచ్చిండ్రు గద, జర గదిగూడ జూసిపోండ్రి."

"ఏం జూడాలె? మేకలు నిలవడ్డయా, పండుకున్నయా అనా?"

నా కాళ్లు మాత్రం కదలలేదు. ఇంటికి తిరిగి వెళ్తే మళ్లీ ఆ బోరు నీళ్లే, కొన్నాళ్లకు అమ్మ మోకాళ్లే నాకూ. అదొకటి. చూడని కుంట ఒకటి పక్కనే ఉందంటే చూడకుండా పోవడం నా వల్ల కాదు. అది రెండోది. "జూస్తె ఏం బోతది అత్తా? బస్సు మూడింటికి గదా" అన్నాను.

కుంట నడిమధ్యలో మేకలు నిలబడే ఉన్నాయి, కడుపులు తడవలేదు. పిల్లగాడు తెల్ల ప్యాంటుతోనే నీళ్లలోకి దిగి, నడుస్తూ చెప్పుకుపోయాడు. "గిక్కడ పిక్క... గిక్కడ మోకాలు... గింతే. ఇంతకు మించి లేదు. ఎండకాలం గిదిగూడ ఉండది." పరాయి కాళ్లతో కొలిచిన లోతు నేనెలా నమ్ముతాను? చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని నేనూ దిగాను. నాలుగో అడుగుకు నా ఎడమకాలి చెప్పును బురద మింగేసింది. అతను మోచేతుల దాకా చేతులు పెట్టి వెతికితే ఒక కుండ పెంకు, ఒక మేక గంట దొరికాయి. చెప్పు దొరకలేదు. ప్యాంటు నడుము దాకా నల్లబడింది.

"మేం తాగేది గీ నీళ్లు గాదు" అని అతను ఒడ్డున ఇసుకలో ఉన్న చిన్న గుంత దగ్గరికి తీసుకెళ్లాడు. అది చెలిమె. కొబ్బరి చిప్పతో అందులోని పాత నీళ్లన్నీ తోడిపోసి, "జర ఆగాలె, కొత్తయి ఊరుతయి" అన్నాడు.

"ఎంతసేపట్ల నిండుతది?"

"ఏమో. గా మాట ఎవ్వరడగలే."

"అయితే జూద్దాం" అని చేతి గడియారం విప్పి ఇసుక మీద పెట్టుకుని కూర్చున్నాను. అటు పక్క అతను కూర్చున్నాడు. ముందు ఇసుక రంగు మారింది. తర్వాత ఒక మూల నుంచి దారంలాంటి నీరు వచ్చింది. అడుగున మసకగా చేరింది, తేటపడింది, రాళ్లు కనిపించాయి, ఆ తర్వాత ఆ రాళ్ల మీద మా ఇద్దరి తలకాయలు కనిపించాయి. అతను ఏవో చెప్పాడు, నేను ఏవో అడిగాను. ఇంతలో వెనక నుంచి మేనత్త గొంతు: "నిండి శానసేపాయె గదనే! ఇంకేం జూస్తున్నరు?"

మిగిలిన పప్పు పిడికెడే. ఇంటి నుంచి ఇంకొంత తెస్తానన్నాడతను. "వద్దు నాయినా. చెరువు అరువు దెచ్చినోళ్లు, ఉడికిన పప్పు గూడ తెస్తరు" అంది మేనత్త. గిన్నెలో చెలిమె నీళ్లు పోశాక పొయ్యి మళ్లీ రాజుకుంది. అతను ఊదుతూ కూర్చున్నాడు. దూరంగా గట్టు మీద పెద్దబాపు కూడా ఇటే చూస్తున్నాడు. నలుగురం ఆ గిన్నె వైపే చూశాం. చివరికి మేనత్త ఒక పలుకు తీసి వేళ్ల మధ్య నలిపింది. "ఎన్నపూసోలె ఉన్నది" అంది, ఓడిపోయినట్టుగా. "ఇంక నీ ఇష్టం."

"గా చెలిమె నిండుడు మళ్ల జూడాలె అత్తా."

"దానికి పెండ్లెందుకే?"

"రోజు జూడాలె గద."

ఆ తర్వాత చాలాసార్లు చూశాను. ఏ నెలలో ఎన్ని నిమిషాలో ఇప్పటికీ చెప్పగలను; కుళాయిలు వచ్చాక అడిగేవాళ్లు లేరంతే. ఆ మొదటిసారిది మాత్రం నా దగ్గర లేదు. మా ఆయనను ఎన్నిసార్లడిగినా, "నేను నీళ్లను జూస్తే గద!" అనేవారు. గడియారాన్ని ఎదురుగా పెట్టుకుని, టైము చూడడం మరిచిపోయిన ఆ లెక్కల పంతులమ్మను తలచుకుంటే నాకు నవ్వొస్తుంది.

ఆ రోజు పోయినవి: ఎడమకాలి చెప్పు ఒకటి, తెల్ల ప్యాంటు ఒకటి, చేపల పాలైన పప్పు పిడికెడు, చెలిమె నిండడానికి పట్టిన సమయం.